ఓదెలు లైసెన్సు ఇక్కడా చెల్లలేదు

లాల్‌పేట్, చంద్రపూర్
కార్తీకం, 1994

పెద్దన్నకు చెల్లె శంకరమ్మ దండాలు. మేమంతా క్షేమమే, కానీ తమ్ముడు ఓదెలుకు డ్రైవరు పని దొరకలేదు.

సైకిలాయనకు లారీ తగిలిన కేసులో ఆసిఫాబాద్ కోర్టు వాడి లైసెన్సు ఏడాది ఆపినా, వాంకిడి దాటి మహారాష్ట్రలోకి వస్తే అడిగేవాళ్లుండరని మనం అనుకున్నాం. ఇక్కడ పద్మాపూర్‌లో బొగ్గు లారీల సేఠు లైసెన్సు చూపమంటే, వాడు దాచకుండా జరిగింది చెప్పాడు. సేఠు ఆర్టీఓ ఆఫీసుకు పోయి కనుక్కుని వచ్చి, "అక్కడ బంద్ అయితే ఇక్కడ గూడ బందే తమ్మీ. రాష్ట్రం వేరైనా కానూను ఒక్కటే," అన్నాడు. పాపం, కోపం చేయకుండా క్లీనరుగా పెట్టుకున్నాడు. నిన్న ఆ లారీ మా వీధిలోంచే పోయింది. వాడు ఎడమ పక్క క్లీనరు సీట్లో తల వంచుకుని కూర్చున్నాడు. ఆశపెట్టి పిలిపించినందుకు నా మనసు చివుక్కుమంది.

పత్తి ఏరడం అయిందా? వదిన నడుము నొప్పి తగ్గిందా? వచ్చేవాళ్లతో కాసిన్ని కందులు పంపు.

అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా వాడు, "అక్కా, ఆ సైకిలాయన నడుస్తుండా?" అని అడుగుతాడు. నువ్వోసారి పోయి చూసి, ఎలా ఉన్నా సరే, ఉన్నదున్నట్టు వాడికే రాయి.

నీ పిల్లలు చల్లగా ఉండాలి.