నాలుగో నంబరు లారీ, ఎడమ చక్రం కింద రాయి

నీటి సరఫరా విభాగం ముఖ్య అధికారి గారి సముఖమునకు,
నాలుగో నంబరు నీళ్ళ లారీ డ్రైవరు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నాలుగో నంబరు లారీ ఒకసారి స్టార్టు అగుట, మరొకసారి కాకుండుట, తత్కారణముగా హెల్పరు పాదము నలుగుట, నా సంతకము కొరకు పంపిన వాంగ్మూలము అబద్ధమని తెలియజేయుట గురించి.

సూచిక: షెడ్డు ఫోర్మన్ గారు నాకిచ్చిన మెమో. మూడు రోజుల్లో జవాబు చెప్పమన్నారు. ఇది రెండో రోజు.

పై విషయమును పురస్కరించుకొని తమరికి విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ఈ విభాగంలో పద్నాలుగేళ్ళుగా డ్రైవరును. నాలుగో నంబరు లారీ నా చేతికి వచ్చి ఆరేళ్ళు. రోజుకు ఐదు ట్రిప్పులు ఎగువ కాలనీకి నీళ్ళు తోలడం మా పని. అక్కడ కుళాయిలు ఉన్నాయి గాని వాటిలో నీళ్ళు రావు. లారీ హెల్పరు నా సొంత అక్క భర్త. వయసు యాభై రెండు. బంధువని ఆ పనిలో పెట్టించుకున్నది నేను కాదు. నాకంటే ముందు నుంచే ఆయన ఈ విభాగంలో ఉన్నాడు.

2. నాలుగున్నర నెలల నుంచి ఈ లారీ తన ఇష్టం వచ్చినప్పుడు స్టార్టవుతోంది. తాళం తిప్పితే లైట్లు వెలుగుతాయి, హారను మోగుతుంది, సెల్ఫ్ మోటారు మాత్రం టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటుంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ టక్కు. పదోసారికి ఏమీ ఎరగనట్టు అందుకుంటుంది. లేదంటే అందుకోదు. అప్పుడు బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు బిందెలు కింద పెట్టి లారీని తోస్తారు. నీళ్ళ కోసం వచ్చినవాళ్ళు నీళ్ళ లారీని తోయడం ఏ నిబంధన కిందకు వస్తుందో తమరే సెలవియ్యాలి.

3. ఈ లోపం గురించి నేను ఫోర్మన్ గారికి పదకొండుసార్లు చెప్పుకున్నాను. షెడ్డు నిబంధన ఇలా ఉంది: లోపమున్న బండిని షెడ్డుకు తెచ్చి ఫోర్మన్ గారి ఎదుట ఆ లోపాన్ని చూపించాలి. చూపిస్తేనే రిజిస్టరులో రాస్తారు. రాస్తేనే విప్పుతారు. స్టార్టు కాని బండి షెడ్డుకు ఎలా వస్తుంది? ఇంకో బండి కట్టి లాక్కురావాలి. లాగడానికి బండి ఇవ్వాలంటే, ఈ బండి స్టార్టు కావడం లేదని ఫోర్మన్ గారు రాసివ్వాలి. ఆయన రాసివ్వాలంటే బండి షెడ్డులో ఉండాలి.

మొదటిసారి మా మధ్య జరిగిన మాటలు ఇవి.

"స్టార్టు కాని బండి ఇక్కడికెలా వచ్చిందయ్యా?"

"వాలులో దొర్లించి గేరు వేశాను సార్."

"అంటే స్టార్టయిందిగా!"

"సెల్ఫ్‌లో కాలేదు సార్."

"దిగు, నేను చూస్తా."

ఆయన ఎక్కి తాళం తిప్పారు. ఒక్క దెబ్బకు స్టార్టయింది. ఆయన నా మొహం చూసి నవ్వి, రిజిస్టరులో 'కండిషన్' అని రాసి, కింద గీత కూడా గీశారు. పదకొండుసార్లూ ఇదే జరిగింది. పదకొండు చోట్లా గీత ఉంది, తమరు చూసుకోవచ్చు. మూడోసారి మాత్రం నా గోల పడలేక కొత్త బ్యాటరీ ఇచ్చారు. బ్యాటరీ కొత్తది, టక్కు పాతదే.

మా బావ దీన్ని నవ్వులాటగా తీసుకునేవాడు. "ఈ బండికి ఫోర్మన్ గారంటే భయం బామ్మర్దీ, మనమంటే లోకువ. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, ఇది తిరగేసిన రకం" అనేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. షెడ్డులో నన్ను 'టక్కు డ్రైవరు' అని పిలవడం మొదలుపెట్టారు. పని ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తున్నానని మెమోలో రాసింది కూడా ఆ పిలుపు ముదిరిందే.

4. నేను చదివింది ఎనిమిదో తరగతి. అయినా ఒక నోటుపుస్తకం పెట్టి, లారీ ఆపిన ప్రతిచోటా రాసుకున్నాను: ఎక్కడ ఆపాను, నేల ఎటు వాలింది, ఇంజను వేడిగా ఉందా చల్లగా ఉందా, ట్యాంకు నిండుగా ఉందా ఖాళీయా, స్టార్టయిందా లేదా. వందకు పైగా రాశాక ఒక్క సంగతి తేలింది. వేడికీ చలికీ సంబంధం లేదు. ఎడమవైపు ముందు చక్రం ఎత్తులో ఉంటే స్టార్టవుతుంది. చదును మీద ఉంటే అనుమానం. పల్లంలో ఉంటే కాదు.

షెడ్డు గేటు లోపల ఎడమ పక్కన సిమెంటు దిమ్మ ఒకటి ఉంది. లోపలికి వచ్చిన ప్రతి లారీ ఎడమ చక్రం దాని మీద ఎక్కి నిలబడుతుంది. ఫోర్మన్ గారు తాళం తిప్పేది అక్కడే. ఆయన చేతిలో మహిమ ఏమీ లేదు.

ఈ మాట చెప్పి, చదును మీద ఒకసారి తిప్పి చూడండి సార్ అని బతిమాలాను. "బండిని ఎక్కడ నిలబెట్టాలో నువ్వు నాకు నేర్పుతావా?" అన్నారు. అప్పటి నుంచి లారీలో ఒక రాయి పెట్టుకుని తిరుగుతున్నాను. ఆపేచోట రాయి వేసి, ఎడమ చక్రం దాని మీదికి ఎక్కించి ఆపుతాను. ఒక్కోసారి రాయి కూడా పని చెయ్యదు.

5. పోయిన బుధవారం అది పని చెయ్యలేదు. ఎగువ కాలనీ చివరి మలుపులో సగం ట్యాంకు నీళ్ళు ఇంకా ఉండగా లారీ నిలిచిపోయింది. అక్కడ వాలు ఎక్కువ. నీళ్ళున్న ట్యాంకును హ్యాండ్‌బ్రేకు ఆపలేదు కాబట్టి లారీ గేరులోనే ఉంది. తోయడానికి వీల్లేదు, వెనక లోయ. సెల్ఫ్ మోటారు మీద రెండు బోల్టులను స్క్రూడ్రైవరుతో కలిపితే ఒక్కోసారి అందుకుంటుంది. దానికి మనిషి కిందకు దూరాలి. మా బావ దూరాడు. కాళ్ళు ముందు చక్రం పక్క నుంచి బయటకు ఉన్నాయి. నేను ఒక కాలితో బ్రేకు, ఇంకో కాలితో క్లచ్ తొక్కి పట్టుకున్నాను. ఇంజను ఒక్కసారిగా అందుకుంది, లారీ అదిరింది, క్లచ్ మీద నా కాలు జారింది. చక్రం ఆయన కుడి పాదం మీదుగా పోయింది. ఆయన అరవలేదు. "ఆపకు, ఇంజను ఆపకు, మళ్ళీ స్టార్టు కాదు" అన్నాడు.

ఆ లారీలోనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. దారి పొడవునా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పైపు మూయడం మరిచిపోయాను. ఆసుపత్రిలో మూడు వేళ్ళు తీసేశారు. మిగిలినవాటి సంగతి ఇంకా చెప్పడం లేదు.

6. ఇప్పుడు వాంగ్మూలం సంగతి. మెమోతో పాటు టైపు చేసిన కాగితం ఒకటి పంపారు. అందులోని వాక్యం: 'వాహనము పూర్తి కండిషన్‌లో ఉండగా హెల్పరు డ్రైవరుకు తెలియకుండా తన ఇష్టప్రకారము వాహనము కిందకు ప్రవేశించినాడు.' నేను సంతకం పెడితే నా మీద మెమో ఎత్తేస్తారట. మా బావకు తగిలింది డ్యూటీలో తగిలిన దెబ్బ కాదని తేలుతుంది. నిర్లక్ష్యం కింద ఆయనను పనిలోంచి తీసేస్తారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు పోతుంది.

యాభై రెండేళ్ళ మనిషి పొద్దుపోక లారీ కింద దూరడు. దూరమన్నది నేను. "నువ్వు కింద చూడు బావా, నేను పైన చూస్తా" అన్నది నేను. కాలు జారింది నాది. ఇందుకు నాకు ఏ శిక్ష వేసినా ఎదురు చెప్పను. కానీ ఆ లారీ కండిషన్‌లో ఉందని మాత్రం నా చేత రాయించలేరు.

ఆ కాగితం ఆసుపత్రికి తీసుకువెళ్ళి చదివి వినిపించాను. మా బావ పైకప్పు చూస్తూ, "పెట్టెయ్ బామ్మర్దీ. నా పాదం ఎటూ పోయింది, నీకు ఇద్దరు పిల్లలున్నారు" అన్నాడు. మా అక్క మంచం పక్కన కూర్చుని ఉంది. "పెట్టెయ్రా. పెట్టి ఆ చేత్తోనే నా ఇంటి తలుపు మూసేసి పో. మళ్ళీ రాకు" అంది. ఆ కాగితం ఇప్పుడు ఈ అర్జీ వెనక ఉంది, సంతకం లేకుండా.

7. లోపం ఏమిటో ఆదివారం తెలిసింది. షెడ్డు బండిని బయటివాళ్ళకు చూపించకూడదని నిబంధన ఉంది కాబట్టి బండిని చూపించలేదు. పాత బ్యాటరీలు కొనే ముసలాయన ఒకాయన ఉంటే, ఆయనకు నోటితో చెప్పాను.

"లైట్లు మందగిస్తున్నాయా?" అన్నాడు.

"లేదు పెద్దాయనా, నిక్షేపంగా ఉంటాయి."

"అయితే ఈసారి టక్కుమన్నప్పుడు ఎక్కిలేటరు వైరు పట్టుకుని చూడు. జాగ్రత్త, వదలకుండా పట్టుకునేవు."

పట్టుకున్నాను. చెయ్యి కాలింది. మళ్ళీ వెళితే ఆయన నా చెయ్యి చూసి, "ఇంజను నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ వైరు తెగిందో, పట్టు తప్పిందో. కరెంటుకు తన దారి లేక ఎక్కిలేటరు వైరు మీద పడి పోతోంది. మీ షెడ్డులో ఒక్కడికీ ఇది తెలీదా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు తమరు చెప్పగలరేమో.

ఎర్త్ వైరు తెగలేదు. బోల్టు విప్పి చూశాను. వైరు చివరి కన్నానికీ ఛాసిస్ ఇనుముకూ మధ్య మందంగా వెండి రంగు ఉంది. ఇనుముకు ఇనుము తగిలి కరెంటు పోవాల్సిన చోట అడ్డంగా రంగు. ఎడమ చక్రం లేచినప్పుడు ఛాసిస్ కాస్త మెలితిరిగి, బోల్టు మర అంచు ఎక్కడో తగిలి దారి దొరుకుతుంది. అంతే ఈ లారీ రోగం.

8. ఆ రంగు ఎక్కడిదో కూడా రాస్తున్నాను. నాలుగున్నర నెలల కిందట తమరు షెడ్డు తనిఖీకి విచ్చేశారు. అంతకు ముందు రోజు ఏ బోల్టు మీదా తుప్పు కనిపించకూడదని ఫోర్మన్ గారు ఉత్తర్వు ఇచ్చారు. అన్ని లారీలకూ కింద నుంచి పై దాకా రంగు వేయించారు. మసిబూసి మారేడుకాయ చేయడమంటే మాకు ఆ రోజు తెలిసింది. తమరు నాలుగో నంబరు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. బానెట్ తట్టి, "కొత్తదానిలా ఉందే!" అన్నారు. ఆ వారంలోనే మొదటి టక్కు వినిపించింది. నోటుపుస్తకం మొదటి పేజీలో తేదీ ఉంది. ఫొటో తమరి గదిలో గోడకు ఉందని విన్నాను. తారీకులు సరిపోల్చుకోవచ్చు.

9. ఆ రంగు గీకడానికి పది నిమిషాలు చాలు. గీకు కత్తి నా సీటు కిందే ఉంది. గీకలేదు. గీకితే లారీ బాగుపడుతుంది, 'కండిషన్' అన్న మాట నిజమైపోతుంది, మా బావ సరదాకు లారీ కింద పడుకున్నవాడవుతాడు. అందుకని బోల్టు ఎలా ఉందో అలాగే బిగించాను. కాలనీకి నీళ్ళు మాత్రం ఆపలేదు. పొద్దున రాయి మీద స్టార్టు చేసి, సాయంత్రం దాకా ఇంజను ఆపకుండా తిప్పుతున్నాను. కొత్త హెల్పరును లారీ కిందకు తొంగి కూడా చూడవద్దని చెప్పాను.

కావున తమరిని ప్రార్థించునది: వచ్చే సోమవారం ఉదయం ఏడు గంటలకు తమరు స్వయముగా షెడ్డు బయట చదును నేల మీదకు రావలెను. దిమ్మ లేకుండా, రాయి లేకుండా, తమరి చేతితోనే తాళం తిప్పవలెను. టక్కుమన్నది విని, ఆ బోల్టు తమరి ఎదుటనే విప్పించి, కనిపించినది కనిపించినట్టు రిజిస్టరులో రాయించవలెను. గీత గీయనక్కరలేదు. హెల్పరుకు తగిలినది డ్యూటీలో తగిలిన దెబ్బగా ఉత్తర్వు ఇవ్వవలెను. నా మీద మెమో ఉంచుకోవచ్చును.

సోమవారం దాటితే నేనే గీకేస్తాను. నీళ్ళ కోసం నిలబడ్డవాళ్ళు ఫైలు కదిలేదాకా నిలబడరు. అప్పుడు సాక్ష్యమంటూ మిగిలేది ఒక పొట్లంలో రంగు పెచ్చులు, ఆసుపత్రిలో ఒక పాదం.

ఇది తమరు చిత్తగించవలెను. చదివి కాదు, వచ్చి చిత్తగించవలెను.

ఇట్లు,
ఉద్యోగం ఉన్నంతవరకు తమ విధేయుడు,
నాలుగో నంబరు లారీ డ్రైవరు

జతపరచినవి: నోటుపుస్తకం ఒకటి. సంతకం లేని వాంగ్మూలం ఒకటి.

తా.క.: ఎనిమిదో అంశంలో రంగు వేయించారని రాశాను గాని ఎవరు వేశారో రాయలేదు. మిగిలిన లారీలకు పైపైన పూశారు. నాలుగో నంబరుకు వేసింది మా బావ. ఉత్తర్వు అంటే ఉత్తర్వే అని, ప్రతి బోల్టూ విప్పి, కింద తుడిచి, రంగు వేసి, ఆరాక మళ్ళీ బిగించాడు. ఒక రోజంతా పట్టింది. నేను నవ్వితే, "తుప్పు కిందే మొదలవుతుంది బామ్మర్దీ" అన్నాడు. ఆ రోజు పని పుస్తకంలో ఆయన సంతకం ఉంది, విచారణలో ఎలాగూ బయటపడుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను. లోపం ఆ రంగులోనే ఉందని ఆయనకు తెలియదు. ఎర్త్ వైరు ఊడిందని మాత్రమే చెప్పాను. తమరు ఏ ఉత్తర్వు ఇచ్చినా సరే, ఆ పేజీ మాత్రం ఆయన ముందు చదివించకండి.