గాజులు అడ్డం వచ్చిన ఫోటో

పాకాల,
14-7-1981.

చిత్తూరులో ఉన్న బావగారు బాలసుబ్రమణ్యం నాయుడు గారికి, మీ చెల్లెలు మునిలక్ష్మి మగడు యతిరాజులు చేతులు జోడించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. ఈ పూట ఆ మాటకు కలం సాగలేదు. నేను మాత్రం కుశలమే. అత్తగారికి ముందు ఆ ముక్క గట్టిగా చదివి వినిపించండి. అల్లుడు బతికే ఉన్నాడు, రెండు పూటలా తింటున్నాడు, నిన్న కూడా రైల్వే కాలనీలో పురాణం చెప్పి గొంతు పోగొట్టుకున్నాడు.

మా పక్కింటి మునెమ్మ చిత్తూరు వచ్చినప్పుడు, మునిలక్ష్మి చేతులకు గాజులు లేవని అత్తగారి చెవిన వేసిందట. "మొగుడుండంగా గాజులు పగలగొట్టుకున్న కూతురు నాకొద్దు, నా గడప తొక్కనీను" అని అత్తగారు అన్నారట. ఆ కబురు విన్నప్పటి నుండి మీ చెల్లెలు కంచం ముందు కూర్చుంటుంది, తినకుండానే లేచిపోతుంది. కాబట్టి వినండి. ఆ గాజులు పగలగొట్టింది నేను. తడిగుడ్డ చుట్టి, ఈ చేతులతో పగలగొట్టాను. తిట్టేది నన్ను తిట్టండి.

ఆమె కీళ్లవాతం సంగతి మీరు ఎరుగుదురు. పొద్దున లేస్తే పిడికిలి మూతపడదు. నా పురాణానికి పక్కన కూర్చుని తాళం వేసే మనిషి, తాళాలు జారిపోతున్నాయని మానేసింది. రెండేళ్ల కిందట తిరుపతి ఆసుపత్రిలో డాక్టరమ్మ బంగారు సూది మొదలుపెట్టింది. బంగారంతో చేసిన మందట. సూది వేయకముందే, గాజులు మోచేతుల వైపుకు జరిపి, రెండు చేతులకూ ఎక్స్‌రే ఫోటో తీయించింది. మణికట్టు ఎముకల అంచున ఎలుక కొరికినట్టు సన్న గాట్లు. డాక్టరమ్మ అప్పుడే అన్నది, "నొప్పి తగ్గిందా లేదా ఈమె చెప్తుంది. ఎముక అరిగేది ఆగిందా లేదా ఫోటోనే చెప్పాల. ఏడాది పోయినాక ఇంకోటి తీసి, పక్కపక్కన పెట్టి చూస్తాను" అని.

ఏడాది తిరిగింది. నొప్పి తగ్గింది. నేను తిరుచానూరులో పదిమంది ముందు, నా భార్య నొప్పిని అమ్మవారు తీసేసిందని ఎలుగెత్తి చాటాను. రెండో ఫోటోకు పోయాము. అప్పటికే మణికట్టు వాచి గట్టిపడి, గాజులు పైకీ పోవు, కిందికీ రావు. ఫోటో తీసే సుబ్బన్న, పగలగొట్టేద్దాం అన్నాడు. నేను ఊరుకుంటానా? నేను బతికుండగా నా భార్య గాజుల మీద చెయ్యి వేసేవాడెవడని ఆసుపత్రి దద్దరిల్లేట్టు అరిచాను. సావిత్రి పేరెత్తాను. సుబ్బన్న చల్లగా, "సామీ, ఫోటో ఎముకలకు తీయాల్నా, గాజులకు తీయాల్నా?" అన్నాడు. మీ చెల్లెలు, "అరవబాకయ్యా, ఎముకలు బెదిరి కదిలిపోతే ఫోటో చెడిపోతాది" అని నవ్వింది. గాజులతోనే తీశారు. మణికట్టు ఉండాల్సిన చోట తెల్లటి చుట్లు, ఒకదాని మీద ఒకటి. డాక్టరమ్మ, వేళ్లు పోయినేడాది మాదిరే ఉన్నాయి, మణికట్టు కనపడలేదు, గాజులు తీసి మళ్లీ రండి అంది. నొప్పి లేదు కదా అని నేను తీసుకుపోలేదు. అదే సూది ఇంకో ఏడాది వేయించాము.

బావా, గాంధారి కళ్లకు గుడ్డ కట్టుకుందని ఎన్ని ఊళ్లలో పొగిడానో! కళ్లు మూసుకున్న ఇంట్లో ఏం పెరుగుతుందో ఆ తల్లికి కనపడలేదని ఒక్క ఊళ్లోనూ చెప్పలేదు.

పోయిన నెల మీ చెల్లెలి కుడిచేతిలోంచి చెంబు దానంతటది జారింది. అప్పుడు గాజులు పోయాయి, మూడో ఫోటో వచ్చింది. డాక్టరమ్మ మూడింటినీ వెలుతురు పెట్టెకు తగిలించింది. మొదటిదాంట్లో మణికట్టు ఎముకలు చింతగింజల్లాగ విడివిడిగా ఉన్నాయి. మూడోదాంట్లో గింజలు లేవు. వానకు తడిసి అతుక్కున్న బెల్లంలాగ ఒకటే ముద్ద. నొప్పి తగ్గింది నిజమే, లోపల అరుగుదల మాత్రం ఆగలేదు. డాక్టరమ్మ మధ్య ఫోటో మీద వేలు పెట్టి, మణికట్టు కనపడి ఉంటే, ఇప్పుడు మార్చే మందు అప్పుడే మార్చి ఉండేదాన్ని అంది. పోయింది రాదట. వేళ్లు ఇంకా మిగిలి ఉన్నాయట, వాటినైనా నిలబెడదామంది.

కొత్త మందు పని చేసేదాకా మీ చెల్లెలు బరువు ఎత్తకూడదు, పిండి రుబ్బకూడదు, బట్టలు పిండకూడదు. ఇక్కడుంటే మాట వినదు. నాలుగు నెలలు తల్లి దగ్గర ఉంటే బాగుంటుంది. ఆమెకూ ఆ ఆశే ఉంది, పైకి అనదు. అత్తగారు ఊ అంటే ఆదివారం బండికి తీసుకొస్తాను. కాదంటారా, ఒక మాట అడగండి. గాజులు ఆయుష్షు పోస్తాయని ఏ శాస్త్రంలో ఉందో, ఎన్నో పుటలో ఉందో నాకు చూపించమనండి. నలభై ఏళ్లుగా దీపం బుడ్డి ముందు ఒంటరిగా కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకున్నవాణ్ణి. నా కంటికి కనపడలేదు. కూతుర్ని గడప తొక్కనివ్వని తల్లికి పుణ్యమని కూడా ఏ పుటలోనూ లేదు.

కోపంతో రాసిన మాటలుంటే మన్నించి, బిడ్డను మాత్రం కాదనకండి.

మీ చెల్లెలి బాగు తప్ప వేరే ప్రార్థన లేని
యతిరాజులు

తా.క. బావా, ఇక్కడి నుండి అత్తగారికి చదవవద్దు. మీరొక్కరే చదివి, చించి పొయ్యిలో పెట్టండి.

గాజులు నేను పగలగొట్టలేదు. చెంబు జారిన మర్నాడు నేను ఏర్పేడులో సావిత్రి కథ చెప్పడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆమె రోటి పక్కన కూర్చుని ఉంది. రోలు అంచుకు చేతులు కొట్టుకుంది. తడిగుడ్డా లేదు, ఏమీ లేదు. మణికట్టు నెత్తురు. నేను ఏమి అడిగానో తెలుసునా? నొప్పిగా ఉందా అని అడగలేదు. "నేనింకా సావలేదే! ఎవురికోసరం పగలగొట్టుకున్నావే?" అని వీధి వినేట్టు అరిచాను.

"నువ్వు సల్లంగుండావులేయ్యా. నా చెయ్యి బతికుండాదో సచ్చిందో సూపించుకుందామని" అంది.

తర్వాత, ఎవురి కాల్లోనన్నా గుచ్చుకుంటాయి అంటూ ముక్కలు తీయబోయింది. ఆ వేళ్లకు ఒక్కటీ చిక్కలేదు. నేను నేల మీద కూర్చున్నాను. ముక్కలు మాత్రం నేనే ఏరాను, బావా.