సమతాస్థితికి సున్నా

హనుమకొండ, 1964

కాలేజీ కమిటీ సెక్రటరీ రాజేశ్వర్ రావు గారికి,

రసాయన సమతాస్థితిలో చర్య రెండు వైపులా సమాన వేగంతో జరుగుతూనే ఉంటుంది. అందుకే పైకి మార్పు కనిపించదు. మీ అబ్బాయి మాత్రం పరీక్షలో "చర్య ఆగిపోతుంది" అని రాశాడు. సున్నా వేశాను.

నిన్న మీరు నన్ను ఇంటికి పిలిపించి, "జర చూడున్రి సారూ, మావోడు డాక్టరు గావాలె. లేకుంటే మీ నౌకరీ ఫికర్ మీరే చేస్కోవాలె" అన్నారు.

మళ్లీ చూశాను. సున్నా సున్నాగానే ఉంది. రాజీనామా జతచేశాను. నా భార్య సామాను సర్దుతోంది.

మీవాడు ఎలాగూ డాక్టరవుతాడు. కదలకుండా పడుకున్న రోగిని చూసి "ఆగిపోయాడు" అని రాసేసే ముందు, ఒకసారి నాడి పట్టుకోమనండి.

ఇట్లు,
నిన్నటిదాకా మీ కెమిస్ట్రీ లెక్చరరు