మైనంలో దాచిన ముక్క

బుద్రీ,

నువ్వు పోయి ఇన్నేళ్లయినా పట్నం ఆసుపత్రిలో అద్దె కట్టకుండా కాపురముంటున్నావని నిన్ననే తెలిసింది. నీ గొంతులోంచి కోసిన థైరాయిడ్ గడ్డలో ఒక ముక్కని మైనంలో పెట్టి దాచారట. నిన్ను మొత్తం మన కొండమీదే పాతిపెట్టామనుకున్నాను.

మన కూతురు లచ్చి మెడలోనూ గడ్డ లేచింది. డాక్టరమ్మ మీ ఇద్దరి ముక్కలూ పక్కపక్కన పెట్టి పరీక్ష చేయించింది.

"గడ్డలో ఏ జన్యువులు మేలుకున్నాయో చూస్తే, ఒళ్లంతా పాకే రకమో కాదో కొంత తెలుస్తుంది తాతా," అంది.

"మా ముసిల్ది నిద్దట్లో కూడా ఊరుకునీది కాదు తల్లీ. దాని గడ్డ మాత్రం నిద్దరోతాదేటి?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "లచ్చిదీ అలాగే ఉంది," అంది.

నీది ఎముకల దాకా పాకిన సంగతి ఇద్దరం ఎత్తలేదు. బయట బెంచీ మీద లచ్చి తన కూతురికి జడ వేస్తోంది.

"ఆ ముక్క ఇచ్చీ తల్లీ. అట్టుకెళ్లి దాని పక్కనే పాతేత్తాను," అన్నాను.

డాక్టరమ్మ తలుపు వైపు చూసింది. "ఉండనీ తాతా. ఆ పాపకి అవసరం పడొచ్చు."

నిన్ను అక్కడే వదిలేసి, ముగ్గురం కొండ రైలెక్కాం.