నాలుగింట ఒకటి

14 నవంబర్ 2023

పి.హెచ్.సి.లో ట్రైనింగ్. ఆశ కార్యకర్తలం పదకొండు మందిమి. కొత్త డాక్టరు తరుణ్ సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు గురించి చెప్పాడు. కణం రెండు కావాలంటే ముందు తన లోపలి రాతనంతా నకలు రాసుకుంటుందట. రాస్తూనే సరిచూసుకుంటుందట. తప్పు కనబడితే ఆగుతుంది. సరిచేయలేకపోతే తనంతట తానే చచ్చిపోతుంది. అయితే తల్లిదండ్రుల నుంచి వచ్చిన తప్పును మాత్రం తప్పనుకోదట. అదే సరైనదనుకుని బతికినంతకాలం రాస్తూ పోతుంది.

నాకు నచ్చింది. నేనూ నకలు రాస్తున్నాను కదా. బైబిల్ వాక్యం మొత్తం చేత్తో రాస్తానని మొక్కుబడి. ఇది మూడో నోట్‌బుక్. చెల్లెలు కనక కూతురు భాను పక్కన కూర్చుని ఎర్ర పెన్నుతో సరిచూస్తుంది. నిన్న ఒక వరుస మొత్తం వదిలేశానట. ఏటి పెద్దమ్మా, దేవుడి మాటే మింగీసినావు అని ఒకటే నవ్వు.

డాక్టరు చెప్పింది ఇంకొకటి. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకుండా ఆ తప్పును మోసేవాళ్ళయితే, బిడ్డకు జబ్బు వచ్చేది నాలుగింట ఒక వంతు. ప్రతి కాన్పుకూ మళ్ళీ కొత్తగా నాలుగింట ఒకటి. వెనకటి కాన్పు లెక్కలోకి రాదు.

28 నవంబర్

మా ఊళ్ళో సికిల్ సెల్ పరీక్షకు రక్తాలు తీశారు. తమ్ముడు ధర్మ కొడుకు ఉదయ్ సూది చూసి, అత్తా మొత్తం లాగీకు, భాను కోసం కాసింత ఉంచు అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. భాను తల వంచుకుంది.

అమ్మ పోయాక ధర్మనీ కనకనీ నేనే పెంచాను. పెళ్ళి చేసుకోలేదు. నాన్న కాఫీ తోట గట్టు దగ్గర ఇద్దరికీ మాటలు పోయాయి. ఏడేళ్ళయింది. ఏడేళ్ళూ ప్రార్థించాను. ఇప్పుడు పిల్లలిద్దరూ ఒకరినొకరు కోరుకున్నారు. మేనరికం. రెండిళ్ళూ ఒప్పుకున్నాయి.

19 డిసెంబర్

పరీక్ష కార్డులు వచ్చాయి. నలభై ఆరు. అరుగు మీద పరిచి పేర్లు చూశాను.

ఉదయ్, క్యారియర్. భాను, క్యారియర్.

వాళ్ళకేమీ కాదు. ఇద్దరూ కలిసి కన్న బిడ్డకే భయం.

మిగతా నలభై నాలుగూ పంచి వచ్చాను.

20 డిసెంబర్, తెల్లవారి 5

మోకాళ్ళ మీద రెండు గంటలు. ఏడేళ్ళు అడిగినదాన్ని దేవుడిచ్చాడు. ఇచ్చినవాడే ఒక అట్టముక్క చూపించి వద్దంటాడా? నాలుగింట మూడు మంచివే. మూడే ఎక్కువ.

21 డిసెంబర్

రెండు కార్డులూ చోళ్ళ డబ్బా అడుగున పెట్టాను.

9 ఫిబ్రవరి 2024

పెళ్ళి అయింది. ధర్మ, కనక ఒకే విస్తట్లో తిన్నారు. బేగి తినవే, నీకెప్పుడూ నా కూర మీదే కన్ను అని తమ్ముడు. నా గట్టు తిన్నోడివి, కూర ఎంత అని చెల్లెలు. గట్టు మాట ఎత్తి మరీ నవ్వుకున్నారు. పాస్టరుగారు నన్ను లేపి నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించారు.

ఈ రోజు కడుపునిండా తిన్నాను.

3 జూన్

భానుకు తొమ్మిది వారాలు నిండాయి. పి.హెచ్.సి.కి నేనే తీసుకెళ్ళాను. తరుణ్ డాక్టరు కార్డులడిగాడు. ఇద్దరూ క్యారియర్లయితే పన్నెండు వారాల లోపు విశాఖలో పరీక్ష చేయించవచ్చట. బిడ్డ సంగతి ముందే తెలుస్తుంది. ఆపై వాళ్ళ ఇష్టం.

ఇద్దరూ నార్మలే సార్ అన్నాను. రిజిస్టరులోనూ అలాగే రాశాను.

24 జూన్

పన్నెండు వారాలు దాటాయి. స్తోత్రం.

6 జనవరి 2025

ఆడపిల్ల. రెండు కిలోల ఎనిమిది వందలు. పేరు నన్నే పెట్టమన్నారు. కృప అన్నాను.

12 అక్టోబర్

కృప చేతులూ కాళ్ళూ ఉబ్బాయి. ముట్టుకుంటే కేక. భాను ఎత్తుకోబోతే ఇంకా పెద్ద కేక. తల్లి చేతులు చూసి బిడ్డ భయపడుతోంది.

17 అక్టోబర్

సికిల్ సెల్ అని తేలింది.

తరుణ్ డాక్టరుకు బదిలీ అయింది. ఇప్పుడున్న డాక్టరమ్మ రిజిస్టరు తిరగేసి ఆశ్చర్యపోయింది. భాను రక్తం మళ్ళీ పరీక్షిస్తే క్యారియర్ అని వచ్చింది. మొదటి పరీక్షలో మెషీన్ తప్పు చూపి ఉంటుందని ఆవిడే అనుకుంది. నేను తలూపాను. రెండు వైపుల నుంచీ వస్తేనే ఈ జబ్బు, ఉదయ్‌నీ పంపండి అంది డాక్టరమ్మ.

ఉదయ్ తల్లి నాగలక్ష్మి లేచి నిలబడింది. మా వోడికేటి లేదు, వొదినే సొయంగా రాసింది, సూడండి అని రిజిస్టరులో నా అక్షరాల మీద వేలు పెట్టింది. దీని రగతమే సెడ్డది అంది.

భాను నా వైపు చూసింది. నేను రిజిస్టరు మూశాను.

23 అక్టోబర్

ధర్మ వాళ్ళు భానునూ బిడ్డనూ కనక ఇంటి ముందు దించి వెళ్ళిపోయారు. కనక వీధిలోకి వచ్చి తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు తిట్టిందట. అతను తిరిగి చూడలేదట. మళ్ళీ మాటలు పోయాయి.

భాను అడిగింది, నానేటి పాపం సేసినాను పెద్దమ్మా అని. ప్రార్థించుకోమన్నాను.

సరిచేయలేని కణం తనంతట తానే చచ్చిపోతుందని డాక్టరు చెప్పాడు. నేను బాగానే ఉన్నాను. బీపీ కూడా నార్మల్.

5 నవంబర్

కృపకు రక్తం ఎక్కించారు. నరం దొరకక ఆరుసార్లు పొడిచారు. కాళ్ళు నేనే పట్టుకున్నాను.

30 నవంబర్

ఉదయ్ కనక ఇంటికి వచ్చాడు. భాను లేకుండా ఉండలేనన్నాడు. ఆరోగ్యంగా ఇంకో బిడ్డ పుడతాదంటే రమ్మను అని వాళ్ళమ్మ చెప్పి పంపిందట. ఇద్దరూ నా మొహం చూశారు.

ఏడేళ్ళు మళ్ళీ మొదటి నుంచి ప్రార్థించే ఓపిక నాకు లేదు.

నాలుగింట ఒకటి అన్నారు కదా, ఆ ఒకటీ అయిపోయింది, ఇక మిగిలినవి మూడూ మంచివే అన్నాను.

నిజమేనేటి పెద్దమ్మా, నువ్వు ట్రైనింగ్ అయినదానివి, నీకు తెలుసు గదా అంది భాను. తెలుసు అన్నాను. ఏడుస్తూనే నవ్వింది గుంట.

ఇంటికి వచ్చి ఈ డైరీ మొదటి పేజీ తీశాను. ప్రతి కాన్పుకూ మళ్ళీ కొత్తగా అన్న డాక్టరు మాట అక్కడే ఉంది. చదివి, మూసి, దీపం సర్దాను.

20 ఫిబ్రవరి 2026

భానుకు నెల తప్పింది.

వాక్యం మొత్తం రాయడం అయిపోయింది. ఈ రోజు మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. అచ్చుపుస్తకం కళ్ళకు ఆనడం లేదు. పాత నోట్‌బుక్ చూసే, అందులో ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.