పదింటి నుంచి నాలుగింటి దాకా

11 ఆగస్టు 2025, సోమవారం

నా ఫిర్దౌస్ కడుపులో బిడ్డ గుండె కొట్టుకుంటోంది. నా చెవులతో నేను విన్నాను. డాక్టర్ వినీల గారు స్కానింగ్ మిషన్ సౌండు పెంచి, తాతగారూ మీరూ వినండి అని నన్ను లోపలికి పిలిచారు. దడదడదడ. రైలు కృష్ణా వంతెన ఎక్కినప్పుడు వస్తుందే, అలా. మూడు నెలలు నిండాయి. అంత చిన్న ప్రాణానికి అంత చప్పుడు ఎక్కడిది? అల్లా దయ. అల్లా దయ. అక్షరాలు ఇంకా వంకరగా వస్తున్నాయి.

ఈ సంతోషం ఎవరికీ చెప్పకూడదట. నా భార్య కుల్సుం ఆర్డరు. మా అమ్మాయికి ఇది ఐదో కడుపు. మొదటిసారి నేనే వించిపేటలో మా వీధంతా లడ్డూలు పంచాను. పదిహేను రోజులకు అదే వీధి ఓదార్చడానికి మా ఇంటికి వచ్చింది. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు వచ్చింది. ఈసారి బిడ్డ ఏడుపు వినపడేదాకా ఒక్క ప్రాణికి చెప్పినా ఊరుకోను, ముఖ్యంగా మీ అక్కకి, అంది కుల్సుం. అందుకే మా అల్లుడు వసీం దగ్గర ఖాళీ డైరీ అడిగి తెచ్చుకున్నాను. నాది ఏడో తరగతి చదువు. తప్పులుంటే ఉండనీ, ఎవరు చూడొచ్చారు.

ఒక్క ప్రాణికి కూడా అంది గానీ, డాబా ఎక్కి ఇరవై రెండింటికి చెప్పేశాను. నా పావురాలు. ఎవరితోనూ అనవు.

13 ఆగస్టు

రామకోటేశ్వరరావు టీ కొట్టు దగ్గర మాట నోటి దాకా వచ్చింది. బిస్కెట్ కుక్కుకున్నాను.

24 ఆగస్టు, ఆదివారం

ఫిర్దౌస్ మా ఇంటికి వచ్చేసింది. పటమటలో వాళ్లది మూడో అంతస్తు, మెట్లు ఎక్కకూడదు అన్నారు. బెడ్ రెస్టు. డాబా వైపు కిటికీ తీసి పడుకుంది. కలెక్టర్ ఇంకా టైముకి వస్తున్నాడా అబ్బా అని నన్ను అడిగింది.

నల్ల మెడ మగ పావురానికి ఆ పేరు పెట్టింది అదే. గుడ్లు పొదగడం పావురాల్లో మొగుడూ పెళ్లాం ఇద్దరి పని. రాత్రి ఆడది కూర్చుంటుంది. పొద్దున పదింటికి మగవాడు వచ్చి డ్యూటీ ఎక్కుతాడు. సాయంత్రం నాలుగింటికి ఆడది రాగానే దిగిపోతాడు. వాడికి గడియారం అక్కర్లేదు. వాడి పెళ్లాం పేరు బేగం. వస్తున్నాడమ్మా, నీకంటే పంక్చువల్ అన్నాను. ఎన్నాళ్లయిందో అది అలా నవ్వి.

1 సెప్టెంబర్

ఫిర్దౌస్‌కు దగ్గు. పొడి దగ్గు. వాతావరణం మారింది కదా అంటోంది కుల్సుం.

3 సెప్టెంబర్, బుధవారం

వాతావరణం కాదు. నేను.

వినీల గారు ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన వీపు మీద స్టెత్ పెట్టి చాలాసేపు విన్నాడు. ఇంట్లో పక్షులు ఉన్నాయా అన్నాడు. కుల్సుం నావైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. పావురాల రెట్ట, ఈకల దుమ్ము కొందరి ఊపిరితిత్తులకు పడదట. వాచిపోతాయట. తల్లికి గాలి తగ్గితే బిడ్డకూ తగ్గుతుంది పెద్దాయనా, ఇవాళే పంపించెయ్యండి అన్నాడు.

ఆ నలుగురు కూడా నా పావురాల వల్లేనా అని అడిగాను. రెండుసార్లు అడిగాను. కాదు, అప్పుడు ఆమె మీ ఇంట్లో లేదు కదా, అది వేరు ఇది వేరు అన్నాడు. నమ్మాలనే ఉంది.

5 సెప్టెంబర్, శుక్రవారం

పంపేశాను. ఉయ్యూరులో మా బసవయ్యకు. షుగర్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు, నలభై ఏళ్లుగా నాకు పావురాల స్నేహం. అమ్మాయికి దుమ్ము పడటం లేదని మాత్రం చెప్పాను. రెక్కల్లో పెద్ద ఈకలు పీకెయ్యి సాయిబూ, లేకపోతే నీకంటే ముందే ఇంటికి పోతాయి అన్నాడు. నిజమే. ఉయ్యూరు నుంచి వదిలి పందేలు నేర్పింది నేనే, అరగంటలో వచ్చేస్తాయి. కానీ ఈక పీకితే రక్తం వస్తుంది. నావల్ల కాలేదు. దారం కట్టి వచ్చాను.

ఇంటికొచ్చి దుమ్ము లేవకుండా డాబా అంతా తడిపి బ్లీచింగ్ వేసి కడిగాం. ట్యాంకు కింద మూకుడులో బేగం గుడ్లు రెండు. హడావిడిలో మర్చిపోయాను. సెల్ ఫోన్ లైటు మీద పెట్టి చూశాను. సన్నగా ఎర్ర దారాలు. మధ్యలో చుక్క, కొట్టుకుంటోంది.

చూడకుండా పారెయ్యాల్సింది.

6 సెప్టెంబర్, పొద్దున పదీ పది

కలెక్టర్ వచ్చాడు. రెక్కకు తెగిన దారం వేలాడుతోంది. నావైపు కూడా చూడలేదు. నేరుగా మూకుడులోకి వెళ్లి డ్యూటీ ఎక్కాడు.

అదే రోజు, సాయంత్రం ఐదు

నాలుగింటికి లేచాడు. పిట్టగోడ ఎక్కి తూర్పుకు చూశాడు. బేగం రాలేదు, దాని దారం తెగలేదు. మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. అరుపు లేదు, ఏమీ లేదు. అటు చూడటం, ఇటు రావడం. అయిదు నిమిషాలకోసారి.

వాణ్ని తరిమితే మళ్లీ వస్తాడు. గుడ్లు తీసేస్తే ఖాళీ మూకుడులో కూర్చుంటాడు. వాడు దిగాక గుడ్లు దూదిలో చుట్టి నా బనియన్‌లో పెట్టుకున్నాను. కింద కిటికీ మూసే ఉంది. ఎవరికీ చెప్పలేదు.

7 సెప్టెంబర్, ఆదివారం

దగ్గు ఎక్కువైంది. వేలికి పెట్టే క్లిప్పులో ఆక్సిజన్ తొంభై మూడు. నిన్న తొంభై ఆరు. మెట్ల మీద ఈక దొరికింది, ఏంటిదని అడిగింది కుల్సుం. పాతదేమో అన్నాను. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో ఆమెకు ఇంత పెద్ద అబద్ధం చెప్పలేదు. నా చొక్కా వాసన చూసుకున్నాను. పావురం. ఆ చొక్కాతోనే పొద్దున కూతురికి ఇడ్లీ తినిపించాను.

8 సెప్టెంబర్, సోమవారం

తొంభై. ఆసుపత్రిలో చేర్చారు. ముక్కుకు గొట్టం.

డాక్టరు అన్నీ పంపించేశారా అని అడిగాడు. అన్నీ పంపించేశామండీ అంది కుల్సుం. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లబోతున్నాడు. వెళ్లనిస్తే ఇక చెప్పలేనని తెలిసిపోయింది. ఒకటి వచ్చిందండీ అన్నాను. నేనే ఉంచానండీ. గుడ్లు నా ఒంటి మీదే ఉన్నాయండీ అన్నాను.

నర్సు రెండడుగులు వెనక్కి వేసింది. డాక్టరు తిట్టలేదు. ముందు బయటికి నడవండి, స్నానం చేసి బట్టలు మార్చేదాకా ఆమె గదిలోకి రావద్దు అన్నాడు. కుల్సుం మొహం గోడవైపు తిప్పుకుంది. తిట్టినా బాగుండేది. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఫిర్దౌస్ పిలిచింది. గొట్టంతో మాట సరిగ్గా రావడం లేదు. గుడ్లు పారెయ్యకు అబ్బా అంది. వాడితో పాటే తీసుకెళ్లు.

నాలుగు పోగొట్టుకున్న పిల్ల అడిగితే ఏ తండ్రి పారేస్తాడు.

9 సెప్టెంబర్, మంగళవారం

కుల్సుం తెల్లారే ఆసుపత్రి నుంచి వచ్చింది. తలగడ విప్పి మెత్తటి దూది తీసి నా ముందు పెట్టింది. తనే గుడ్డతో నా పొట్టకు కట్టింది. అవి పుట్టేదాకా నాతో మాట్లాడొద్దు అంది. అంటే పుడతాయని.

కలెక్టర్ని గుడ్డ కప్పిన బుట్టలో పెట్టుకుని ఉయ్యూరు మీదుగా పోయే బందరు బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు వచ్చాక నిలబడ్డానికీ చోటుండటం లేదు. పొట్ట పట్టుకుని నిలబడ్డాను. సీట్లో ఉన్న ఒక పెద్దావిడ, హెర్నియానా సాయిబు గారూ అంది. అవునన్నాను. మా ఆయనకూ అంతే, చెప్పుకోడు, ముంతలా అయ్యేదాకా దాచాడు, కూర్చోండి అని సీటిచ్చింది. కంకిపాడు దగ్గర డ్రైవరు సడన్ బ్రేకు వేశాడు. ముందు సీటు రాడ్డు నా పొట్టకు వేలెడు దూరంలో ఆగింది. కళ్లు మూసుకున్నాను. దడదడదడ. అది నా గుండెదో, వాటి గుండెలదో.

బసవయ్య నా బనియన్‌లోంచి గుడ్లు తీయడం చూసి, ఎన్నో నెల సాయిబూ అన్నాడు. తెలిసిపోయిందా అనుకున్నాను. జోకు అట.

మా పనిలో ఒక సంగతి ఉంది. ముదురు పావురం ఎక్కడ వదిలినా పాత ఇంటికే పోతుంది. కొత్త చోట గుడ్లు పొదిగి పిల్లల్ని లేపిందంటే మాత్రం చాలావరకు ఆ చోటే దాని ఇల్లు. నలభై ఏళ్లుగా తెలుసు. తెలిసీ గుడ్లు ఇక్కడ వదిలేసి తల్లిదండ్రుల్ని అక్కడ వదిలాను.

వలతలుపు గదిలో మూకుడు పెట్టాం. అప్పటికి పదకొండు. కలెక్టర్ బుట్టలోంచి దిగి నేరుగా ఎక్కి కూర్చున్నాడు, గంట లేటు. నేను నాలుగింటిదాకా కదల్లేదు. అన్నం వద్దన్నాను. నాలుగింటికి బేగం వచ్చి పక్కన నిలబడింది. వాడు లేచాడు. ఆమె కూర్చుంది.

బసవయ్య చూడకుండా అటు తిరిగి ఏడ్చాను.

13 సెప్టెంబర్

తొంభై ఏడు. ఇంటికి పంపారు.

19 సెప్టెంబర్, శుక్రవారం

బసవయ్య ఫోన్. ఒకటి పగిలి పిల్ల బయటికొచ్చింది. ఒకటి పగల్లేదు. రెండోది లోపలే ఆగిపోయింది అన్నాడు.

ఫిర్దౌస్‌కు మొదటి మాటే చెప్పాను. రెండోది అడగలేదు. అడగకపోవడం చూసి భయం వేసింది. కుల్సుం మాట్లాడటం మొదలుపెట్టింది, టీ కావాలా అని.

2 నవంబర్, ఆదివారం

ఇవాళ బసవయ్య వల తీస్తానన్నాడు. కలెక్టర్ వస్తే ఏం చెయ్యాలో ఆలోచించుకున్నాను. ఈకలు పీకుతాను. అప్పటికీ ఆగకపోతే గొంతు నులుముతాను. రాసేశాను. నా కూతురి ఊపిరి అది. పొద్దున ఏడింటి నుంచి డాబా మీద కూర్చుని తూర్పు వైపే చూశాను. పది అయింది. ఏ కాకి ఎగిరినా లేచి నిలబడ్డాను. నాలుగు అయింది. చీకటి పడింది.

ఎవరూ రాలేదు. గొప్ప సంతోషంగా ఉండాలి. ఉన్నాను.

20 డిసెంబర్

తన్నింది. నా అరచేతి మీద. ఎనిమిదో నెల. ఎవరికీ చెప్పలేదు, నోరు పుండు పడేలా ఉంది.

11 ఫిబ్రవరి 2026, బుధవారం, మధ్యాహ్నం

నొప్పులు. లోపలికి తీసుకెళ్లి మూడు గంటలైంది. వసీం గోడ పట్టుకుని నిలబడ్డాడు. కుల్సుం తస్బీ పూసలు తిప్పుతోంది. నేను పెన్ను పట్టుకున్నాను, ఇంకేం పట్టుకోను. తలుపు తెరిచినప్పుడల్లా ముగ్గురం లేస్తున్నాం. ప్రతిసారీ వేరేవాళ్ల పేరు పిలుస్తున్నారు. బసవయ్య చెప్పిన రెండో గుడ్డు గుర్తుకొస్తోంది. వద్దు. వద్దు అన్నకొద్దీ వస్తోంది.

12 ఫిబ్రవరి, గురువారం

ఏడ్చింది. తలుపు అవతల నుంచి ముగ్గురం విన్నాం. ఆడపిల్ల. కుల్సుం అంది, ఇక చెప్పుకో.

చెప్పాల్సినవాళ్లు:
మా పెద్దక్క, బందరు. చెవుడు, ఫోన్లో అరవాలి. వీధంతా వినపడినా ఫరవాలేదు.
వసీం వాళ్ల అమ్మగారు, పటమట. వసీం చెప్పే ఉంటాడు, అయినా నేను చెప్పాలి.
మా తమ్ముడు, మంగళగిరి. మగ్గం మీద ఉంటాడు, దిగమనాలి.
కుల్సుం చెల్లెళ్లు ఇద్దరికీ ఒకేసారి, లేకపోతే గొడవ.
ఓదార్చడానికి నాలుగుసార్లు వచ్చినవాళ్లందరికీ, గుమ్మం గుమ్మానికీ వెళ్లి.
రామకోటేశ్వరరావు. చుట్టం కాదు, అయినా.
బసవయ్య. దుమ్ము ఒక్కటే కాదు, కడుపు సంగతి దాచానని చెప్పి క్షమించమనాలి.
బేగం.
కలెక్టర్. నాలుగు దాటాక, డ్యూటీ దిగాక.