విమానం స్టార్టరు, నా ముందు సీటు

కృష్ణా జిల్లా కృత్తివెన్నులో ఉంటున్న, కీర్తిశేషులు నరసింహం గారి భార్య సత్యవతమ్మ అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహతో రాయించిన వీలునామా ఇది. రొయ్యలు బాగా పండిన రోజుల్లో చిన్న విమానం కొన్నది మా ఆయన. కాబట్టి ఈ ఇంట్లో మతిస్థిమితం గురించి అడగవలసింది నన్ను కాదు.

1. రొయ్యల చెరువులు, గుడివాడ ఇల్లు నా కొడుకు రాముకు, కూతురు వీరదుర్గకు చెరిసగం. అయిదో క్లాజు నెరవేరాకే చెందుతాయి.

2. విమానం, దాని కొత్త స్టార్టరు కోడలు భార్గవికి. ఆమెకు నడిపే లైసెన్సు ఉంది. రాము స్టార్టరు బటన్‌ను కాలింగ్ బెల్ అనుకుంటాడు. తలుపు తీసేదాకా నొక్కుతాడు. వాళ్ళ నాన్న పోయాక పాతదాన్ని అలాగే కాల్చేశాడు. భార్గవి పది అంకెలు లెక్కపెట్టి వదిలేస్తుంది. ఇంజను అందుకోకపోతే టీ తాగొచ్చి, స్టార్టరు చల్లారాక మళ్ళీ నొక్కుతుంది. మా ఇంట్లో ఆగడం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

3. కాలిన పాత స్టార్టరు మా మరిది వెంకటాద్రికి. "లారీది పెట్టేద్దాం వదినా, ఏదైనా తిరిగేదేగా!" అన్న మహానుభావుడు ఆయనే. ఇంజను నంబరు, బ్యాటరీ వోల్టేజీ, పళ్ళచక్రం అన్నీ సరిచూసి, లైసెన్సున్న ఇంజినీరు చేత నేను కొత్తది బిగించేదాకా ఆయన నాతో మాట్లాడలేదు. ఆ కొద్ది రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉంది.

4. నా వెండి కుంకుమభరిణె ఆడపడుచు పెద్దింట్లమ్మకు. షరతు: దసరాకు స్టార్టరు పళ్ళకు పసుపు, ఆముదం పూయరాదు. నూనెకు దుమ్ము పట్టి పళ్ళు బిగుసుకుంటాయి. భక్తి ఎక్కువైతే రెక్కలకు బొట్టు పెట్టుకోవచ్చు. ఇక్కడి ఉప్పుగాలికి వైర్ల కొసలకు చిలుము పడుతుంది. స్టార్టరును తిట్టేముందు అందరూ అవి తుడిచి చూడండి.

5. మా ఆయన ఆ విమానంలో ఎమ్మార్వోను, మేత కంపెనీ ఏజెంటును, ఆఖరికి వెంకటాద్రి బావమరిదిని కూడా తిప్పారు. నేను అడిగినప్పుడల్లా "స్టార్టరు మొరాయిస్తోంది సత్యా, వచ్చే వారం చూద్దాంలే" అనేవారు. అంతమందికి తిరిగిన స్టార్టరు నాకే ఎందుకు మొరాయించిందో తెలియక చాలా ఏడ్చాను. కొత్తది కొన్నది అందుకే. తీరా అది వచ్చేసరికి నా గుండె మొరాయించింది, డాక్టరు ఎక్కొద్దన్నాడు.

కనుక నా అస్థికలను ముందు సీట్లో పెట్టి, బెల్టు కట్టి, పాలకాయతిప్ప మీదికి తీసుకెళ్ళి, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట వదలాలి. భార్గవి నడపాలి. రాము వెనక సీట్లో చేతులు కట్టుకుని కూర్చోవాలి.

మొదటిసారికే ఇంజను అందుకోకపోతే ఎవరూ కంగారుపడొద్దు. దిగి, టీ తాగి రండి. ఇన్నేళ్ళు ఆగినదాన్ని, మీరు టీ తాగి వచ్చేదాకా ఆగలేనా?

14 మార్చి 2003, కృత్తివెన్ను.

(సంతకం) సత్యవతమ్మ

సాక్షులు:
జీవరత్నం, స్టార్టరు బిగించిన ఇంజినీరు
భాస్కరరావు, రిటైర్డ్ టీచరు, గుడివాడ. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా వీరిదే.